యాదమ్మ తర్వాత ఇంకో పేరు

ఈ విషయం నేను ఇప్పటికి చాలా చోట్ల చెప్పాను. వికారాబాద్‌లో ఒక ఆసుపత్రి కౌంటర్ దగ్గర చెప్పాను. కూర్చోండి, పిలుస్తాం అన్నారు. పిలవలేదు. వాళ్ల ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేసి చెప్పాను. సగంలో కట్ అయింది. ఒక విలేకరికి చెప్పాను. ఆయన నా డబ్బులతో చాయ్ తాగుతూ మొత్తం విని, "గిసొంటియి మా పేపర్ల రావు పెద్దాయనా" అని లేచి వెళ్లిపోయాడు. ఈ పత్రికకు కూడా ఇంతకు ముందు రాశాను. వేయలేదు. ఎందుకు వేయలేదో ఒక్క ముక్క జవాబు లేదు. నాకు ఇలాంటివి మరపు రావు. అందుకే మళ్లీ రాస్తున్నాను.

ముందే చెబుతున్నాను, నేను దయ్యాలను నమ్మను. తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్‌లో నా సగం జీవితం గడిచింది. మా యూనిట్ వెనక నీళ్లు నిండిన పాత గని ఉంది. అందులో పడి చనిపోయినవాళ్లు పిలుస్తారని తోటివాళ్లు అటువైపు వెళ్లేవారు కాదు. నేను ఆ గట్టు మీదే కూర్చుని అన్నం తినేవాణ్ణి. నన్ను ఎవరూ పిలవలేదు. మా ఊళ్లో ఒకామెకు పూనకం వస్తే అందరూ దండం పెడుతుంటే, నేను ఎదురుగా నిలబడి మా వీధిలో కరెంటు స్తంభం ఎప్పుడు వేస్తారో చెప్పమని అడిగాను. ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ నాతో మాట్లాడరు. నేనూ మాట్లాడను. నేను అలాంటి మనిషిని.

మాది పెద్దేముల్ మండలంలో చిన్న ఊరు. నా భార్య పేరు అనంతమ్మ. ఆమె కూలి గుంపుకు పెద్ద. కంది చేలల్లో కలుపు తీయడానికి, కోతకు మనుషులు కావాలంటే రైతులు ఆమెకు చెప్పేవారు. తెల్లవారగానే ఆమె వీధి మొదలు నుంచి చివరి వరకు నడుస్తూ, ఒక్కో ఇంటి ముందు ఒక్కో పేరు పిలిచేది. పోచమ్మా, సాయమ్మా, బాలమణీ, ఖాజాబీ, మొగులమ్మా, రత్నమ్మా, పెద్ద లక్ష్మీ, చిన్న లక్ష్మీ, కిష్టమ్మా, సంతోషా, బుజ్జమ్మా, చివరి ఇంట్లో యాదమ్మా. ఎప్పుడూ అదే వరస. ఎందుకంటే ఇళ్ల వరస అది. ఎన్నో ఏళ్లు నాకు ఆ పిలుపులతోనే మెలకువ వచ్చింది. ఆ వరసలో ఆమె పేరు ఉండదు. పిలిచే మనిషి తనను తాను పిలుచుకోదు కదా.

తర్వాత ఆమెకు గుండె బలహీనపడింది. కాళ్లకు నీరు రావడం, పడుకుంటే ఆయాసం. వికారాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాం. పంపించేటప్పుడు డాక్టరు చెప్పాడు, ప్రతిసారీ ఇంత దూరం రావలసిన పని లేదు, మా నర్సు ప్రతి గురువారం ఫోన్ చేసి అన్నీ అడుగుతుంది, తేడా ఉంటే అప్పుడే రమ్మంటుంది అని. నాకు నమ్మకం కలగలేదు. ఫోన్లో రోగం ఎలా తెలుస్తుంది అని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా తర్వాతి పేషెంటును పిలిచాడు. అది కూడా నాకు గుర్తుంది.

కానీ ఫోన్ చేసిన నర్సు మంచిది. పేరు ఎస్తేరు, మర్పల్లి అమ్మాయి. ప్రతి గురువారం మధ్యాహ్నం అనంతమ్మ ఫోన్‌కే చేసేది. ఆ చిన్న బటన్ల ఫోన్‌ను అనంతమ్మ ఒక గుడ్డసంచిలో పెట్టి, సంచి మూతికి తాడు ముడివేసి నడుముకు దోపుకునేది. ఎస్తేరు సిస్టర్ అన్నీ వరసగా అడిగేది. చీలమండ పైన బొటనవేలితో నొక్కితే గుంత పడుతోందా, ఎన్ని దిండ్లు వేసుకుంటే నిద్ర పడుతోంది, నీళ్ల మాత్ర వేసుకున్నాక ఎన్నిసార్లు ఒంటికి వెళ్లింది, బరువు పెరిగిందా. మా ఇంట్లో బరువు చూసే మిషన్ లేదు. రేషన్ షాపు కాంటా మీదే నిలబెట్టేవాణ్ణి. ఒకసారి ఆ డీలరు పదిమంది ముందు, "ఏమన్నా, వదినెను అమ్ముకానికి వెట్టినవా?" అని నవ్వాడు. ఆ రోజు నుంచి నేను అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు.

అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న చివర్లో ఉండేది. ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకుని, మళ్లీ తీసుకోకుండా ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలదో చూడాలి. ఎక్కడ ఆగిందనే దాన్ని బట్టి సిస్టర్‌కు లోపల ఎంత నీరు చేరిందో అంచనా తెలుస్తుందట.

మొదటిసారి అడిగినప్పుడు అనంతమ్మ ఒప్పుకోలేదు.

"బడి పోరగాండ్ల లెక్క ఒకటి రెండు నేను జెప్ప బిడ్డా. నాకు సిగ్గయితది."

"మరేం జెప్తవ్ పెద్దమ్మా?"

"మా గుంపోళ్ల పేర్లు జెప్త. అయి నాకు నిద్రల గూడ వస్తయి."

సిస్టర్ నవ్వి సరేనంది. ముందు మెల్లగా అన్ని పేర్లూ చెప్పించుకుని వరస గుర్తుపెట్టుకుంది. అప్పటినుంచి గురువారం మధ్యాహ్నం అదే పరీక్ష. మంచిగా ఉన్న వారం కిష్టమ్మ దాకా వచ్చేది. చలికాలంలో మొగులమ్మ దగ్గర ఆగేది. ఎప్పుడూ యాదమ్మ దాకా రాలేదు.

నేను ఇంట్లో ఉన్న రోజు స్పీకర్ పెట్టేది. ఆ మాటలు నాకు ఇంకా చెవిలో ఉన్నాయి.

"ఇయ్యాల రత్నమ్మ కాడనే ఆగినవ్ పెద్దమ్మా. మిగిలినోళ్లు పనికి రారా ఏంది?"

"ఆళ్లు ఇంక లేవలే బిడ్డా. నిన్న తాగిన కల్లు దిగలే."

"జర తిట్టి లేపు మరి. మెల్లగ తిట్టు, మేం జేసే ఫోన్లన్ని రికార్డ్ అయితయి."

"అయితే గానీ. లావణ్య నాయిన మీద గూడ నాలుగు తిట్లు జెప్త, అయి గూడ వెట్టుకో."

లావణ్య మా బిడ్డ, పెళ్లయి సంగారెడ్డిలో ఉంటుంది. లావణ్య నాయిన అంటే నేను. ఆమె నన్ను పిలిచే తీరు అది.

ఒకసారి బాలమణి దగ్గరే ఊపిరి ఆగిపోయింది. సిస్టర్ నవ్వలేదు. "అన్నా, ఇప్పుడే బయల్దేరుండ్రి. రేపటి దాక ఆగకుండ్రి" అంది. వెంటనే తీసుకెళ్లాం. నీరు తీశారు, బతికింది. ఇంకో రోజు ఆలస్యమైతే చేయి దాటిపోయేదని డాక్టరే అన్నాడు. ఆ రోజు నుంచి ఫోన్లో రోగం ఎలా తెలుస్తుందని నేను మళ్లీ అడగలేదు.

తర్వాత ఆసుపత్రివాళ్లు పద్ధతి మార్చారు. మనం చేస్తే నేరుగా సిస్టర్‌కు కలవదు. ఒక రికార్డు గొంతు వస్తుంది. తెలుగు కోసం ఒకటి నొక్కండి, పాత పేషెంటు అయితే రెండు నొక్కండి, మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం, సేవల నాణ్యత కోసం ఈ సంభాషణ రికార్డు చేయబడుతుంది. ఆ తర్వాత పాట. సిస్టర్ మాత్రం గురువారం గురువారం తానే చేసేది.

ఇక ఆ గురువారం.

పొద్దున అనంతమ్మ మంచం మీద లేచి కూర్చుంది, మళ్లీ పడుకోలేకపోయింది. పెదవులు నల్లబడ్డాయి. నేను నా ఫోన్ నుంచి ఆసుపత్రికి చేశాను. ఒకటి నొక్కాను, రెండు నొక్కాను. మా సిబ్బంది అందరూ వేరే కాల్స్‌లో ఉన్నారు, దయచేసి వేచి ఉండండి అంది. పాట వచ్చింది. మళ్లీ చేశాను. మళ్లీ పాట. ఆ పాట ఇప్పుడు ఎక్కడైనా వినిపిస్తే నేను లేచి బయటికి వెళ్లిపోతాను.

ఇక ఆగలేక, వికారాబాద్ దూరమని, దగ్గరున్న తాండూరు ఆసుపత్రికే పక్కింటి పిల్లవాడి ఆటోలో ఎక్కించాను. ఫోన్ సంచి తలుపు పక్కన మేకుకు వేలాడుతూ ఉంది. దాన్ని తీసుకోవాలన్న ఆలోచన రాలేదు. తాళం నేనే వేశాను. తాళంచెవి నా చొక్కా జేబులో వేసుకున్నాను. ఆ ఇంటికి ఇంకో తాళంచెవి లేదు, వెనక తలుపు లేదు.

తాండూరు దారిలో ఆమె నా భుజం మీద తల పెట్టింది. సిస్టర్ చూసినట్టే చూద్దామని, పేర్లు చెప్పు అన్నాను. ఆమె నా వైపు చూసి నోరు తెరిచింది. "పోచ" అంది. అంతే. పోచమ్మ పేరు కూడా పూర్తి కాలేదు. ఆ తర్వాత ఆమె నాతో ఏమీ అనలేదు. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం పోయిందని అక్కడి డాక్టరు చెప్పాడు.

తిరిగి తీసుకొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మాకన్నా ముందే కబురు ఊరు చేరింది. ఖాజాబీ మా ఇంటి మెట్టు మీద కూర్చుని ఏడుస్తోంది. అనంతమ్మ గుంపులో మనిషి, ఎదురిల్లు. నేను తాళం తీస్తుంటే అంది:

"లోపట ఫోన్ మోగింది భాయ్. జర సేపు మోగి బందయింది. నీ బిడ్డనే జేసిందేమో."

నేను పట్టించుకోలేదు. ఆ సమయంలో ఎవరు పట్టించుకుంటారు? సంచి మేకుకు అలాగే ఉంది. తాడు ఆమె వేసిన ముడితోనే ఉంది.

మర్నాడు ఆ ఫోన్ మోగింది. లావణ్య ఎత్తబోతే నేను తీసుకున్నాను. ఎస్తేరు సిస్టర్. గొంతులో సంతోషం.

"అన్నా, పెద్దమ్మ లేచిందా? నిన్న మస్తు మంచిగ మాట్లాడింది. ఒక్క ఊపిరిల యాదమ్మ దాక జెప్పింది! ఏం తినవెట్టినవ్ అన్నా? నాకు సంబురమై మల్ల జేసిన."

ఇంటి నిండా మనుషులున్నారు. నేను ఏం తిట్టానో నాకే పూర్తిగా గుర్తులేదు. నిన్న పొద్దున చచ్చిపోయిన మనిషితో నువ్వు మధ్యాహ్నం ఎట్ల మాట్లాడినవ్, ఫోన్ చేయకుండనే చేసిన అని అబద్ధమాడుతున్నవా అన్నాను.  ఆమె సన్నగా, "నేను మాట్లాడిన అన్నా" అంది. నేను ఫోన్ ఆపి సంచిలో వేసి ట్రంకులో పెట్టేశాను.

దినాలు అయ్యాక వికారాబాద్ వెళ్లాను. అక్కడి మేనేజరు టై కట్టుకున్న కుర్రవాడు. నేను అతన్ని రెండే అడిగాను. ఆ పొద్దున నేను చేస్తే ఎందుకు ఎత్తలేదు? ఆ మధ్యాహ్నం మీ నర్సు ఫోన్ చేసిందా, లేదా? చేస్తే ఎవరితో మాట్లాడింది? అది మూడోది అనుకుంటే మూడే అనుకోండి. అతను రాసుకున్నాడు. బెంచీ మీద కూర్చోబెట్టాడు. సాయంత్రం స్వీపరు వచ్చి, ఆఫీసు మూశారు, ఇంటికి వెళ్లమన్నాడు.

కొన్నాళ్లకు నా ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, ధన్యవాదాలు. ఏం పరిష్కరించారని అడగడానికి మళ్లీ వెళ్లాను. ఆ సిస్టర్ తప్పుడు సమాచారం ఇచ్చిందని ఒప్పుకోలేదు కాబట్టి ఉద్యోగంలోంచి తీసేశాం అన్నారు. నేను ఎవరినీ తీసేయమని అడగలేదు. ఒక ప్రశ్న అడిగాను. ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషిని బయటికి పంపి, పరిష్కారమైంది అన్నారు.

అప్పుడు నేనే మర్పల్లి వెళ్లాను. ఎస్తేరు అమ్మగారింట్లో ఉంది. పత్తి ఏరి అప్పుడే వచ్చినట్టుంది, జుట్టుకు దూది అంటుకుని ఉంది. నన్ను చూసి లోపలికి రమ్మంది. వాళ్లమ్మ మాత్రం ఊరుకోలేదు.

"ఉద్యోగం పీకిచ్చినవ్, ఇంక ఏం కావాలె? ఇంటికొచ్చి గూడ కొట్లాడుతవా?"

"కొట్లాటకు రాలే తల్లీ. అడగనీకి వచ్చిన. నన్ను అడగనియ్యి."

ఎస్తేరు నీళ్లిచ్చి నా ఎదురుగా పీట మీద కూర్చుంది. ఆ రోజు ఏం జరిగిందో మొదటినుంచి చెప్పమన్నాను. మధ్యాహ్నం చేసిందట. చాలాసేపు మోగాక ఎత్తారట. ఎట్లున్నవ్ పెద్దమ్మా అంటే, మంచిగున్న బిడ్డా అందట. కాళ్ల సంగతి అడిగితే, ఇప్పుడు తేలిగ్గున్నయి అందట. వెనక గాలి వీస్తున్నట్టు వినబడిందట, చేనులో ఉన్నవా అని అడిగితే జవాబు లేదట. తర్వాత పేర్లు చెప్పమంది.

"ఎక్కడ గూడ ఆగలే అన్నా. పరుగు లెక్క జెప్పింది. యాదమ్మ కాడికి వచ్చినంక గూడ ఊపిరి తీసుకోలే. ఇంకో పేరు పిలిచింది. ఆ పేరు ఇంతకు ముందు ఎన్నడు జెప్పలే. కొత్తగ ఎవరన్న గుంపుల చేరినరేమో అనుకున్న."

"ఏం పేరు?"

"నీలవ్వ."

మళ్లీ చెప్పమన్నాను. నీలవ్వ అనే అంది.

ఈ పేరు సంగతి చెప్పాలి. నా భార్యది కర్ణాటక సరిహద్దు దగ్గరి ఊరు. పుట్టింట్లో ఆమెకు పెట్టిన పేరు నీలవ్వ. మా అమ్మ పేరు నీలమ్మ. అటువైపు అవ్వ అంటే అమ్మే, అంటే ఇద్దరిదీ ఒకే పేరు. అత్తకోడళ్లకు ఒకే పేరు ఉంటే, కోడల్ని కేకేసినా తిట్టినా అత్తను అన్నట్టవుతుందని, మా దగ్గర అలాంటప్పుడు కోడలి పేరు మారుస్తారు. పెళ్లినాడే అనంతమ్మ అని పెట్టారు. ఆధార్ కార్డులో అదే, ఆసుపత్రి కాగితాల్లో అదే. మా ఊళ్లో ఆమెను నీలవ్వ అన్నవాళ్లు ఒక్కరూ లేరు. లావణ్యకు కూడా ఆ పేరు తెలియదు. అలా పిలిచింది వాళ్లమ్మ ఒక్కతే. ఆమె పోయి చాలా ఏళ్లయింది. పెళ్లికి ముందు అనంతమ్మ తల్లితో కలిసి కూలికి వెళ్లేదట. అక్కడ గుంపును పిలిచేది ఆ తల్లి. చివరకు సొంత బిడ్డను పిలిచేదట. ఇది పెళ్లయిన కొత్తలో అనంతమ్మ నాకు ఒకసారి చెప్పింది.

నేను ఎస్తేరును మళ్లీ అడిగాను, ఆ గొంతు అనంతమ్మదేనా అని.

ఆమె జుట్టులోని దూది తీస్తూ చెప్పింది. "పేర్లన్ని పెద్దమ్మ గొంతే అన్నా. ఆ చివరి పేరు..." అని ఆగింది. "ఆ చివరి పేరు గూడ గట్లనే ఉండె. కాని పెద్దమ్మ జెప్తున్నట్టు లేకుండె. పెద్దమ్మను ఎవరో పిలుస్తున్నట్టు ఉండె."

ఇంటికొచ్చి ట్రంకులోంచి ఫోన్ తీశాను. అప్పటికే చార్జింగ్ అయిపోయి ఉంది. చార్జింగ్ పెట్టి, లావణ్య వచ్చినప్పుడు చూడమన్నాను. ఆ గురువారం మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి వచ్చిన కాల్ మిస్డ్ కాల్స్‌లో లేదు. ఎత్తి మాట్లాడిన కాల్స్‌లో ఉంది. నాతో సిస్టర్ మర్నాడు మాట్లాడిన దాని కింద. నాతో మాట్లాడిన దానికన్నా అదే ఎక్కువసేపు ఉంది. లావణ్య ఫోన్ మంచం మీద పెట్టి, "నాయినా, ఇంట్ల ఎవరున్నరు ఆ పొద్దు?" అంది. ఎవరూ లేరు బిడ్డా అన్నాను.

నేను చేయగలిగిన ఆలోచనలన్నీ చేశాను. ఎవరైనా దూరారా అంటే తాళం వేసినట్టే ఉంది, ఖాజాబీ మెట్టు మీదే ఉంది. సిస్టర్ కట్టుకథ చెప్పిందంటే, మిగతా పేర్లు ఆమెకు తెలుసు, ఒప్పుకుంటాను. నీలవ్వ ఎలా తెలుసు? ఫోన్ పాడైందంటే, పాడైన ఫోన్ పేర్లు చెబుతుందా? దయ్యాలున్నాయని నేను ఈరోజు కూడా అనడం లేదు. ఇది ఏమిటో నాకు తెలియదు అంటున్నాను.

ఆ ఫోన్ పట్టుకుని మళ్లీ వికారాబాద్ వెళ్లాను. టై కుర్రవాడు మారిపోయాడు, ఇంకొకతను ఉన్నాడు. రికార్డింగులు బయటివాళ్లకు వినిపించం అన్నాడు. నేను బయటివాణ్ణా? అది నా భార్య గొంతు. ఆ సిస్టర్‌ను తిరిగి తీసుకోండి, ఆమె అబద్ధం చెప్పలేదు అని రాసిచ్చాను. కాగితం తీసుకుని, కూర్చోండి, పిలుస్తాం అన్నాడు.

ఇక ఇది ఆ ఆసుపత్రివాళ్లు చదువుతారని వాళ్లకే చెబుతున్నాను. నాకు కావలసింది పెద్దదేమీ కాదు. ఆటోలో ఆమె నా పక్కన సగం పేరు దగ్గర ఆగిపోయింది. నాకు మిగిలింది ఆ సగం పేరే. మీ దగ్గర ఆమె అందరినీ ఒక్క ఊపిరిలో పిలిచిన గొంతు ఉంది. కాళ్లు తేలిగ్గున్నాయని చెప్పిన మాట ఉంది. చివరకు ఆమెను ఎవరో పిలిచిన పిలుపు ఉంది. ఒక్కసారి వినిపించండి. మీ ముందే కూర్చుని వింటాను, విని లేచి వెళ్లిపోతాను.

ఇప్పటికీ ప్రతి గురువారం మీ నంబరుకు చేస్తున్నాను. ఒకటి నొక్కుతున్నాను, రెండు నొక్కుతున్నాను, పాట వింటున్నాను. మీరు చేసినప్పుడు చనిపోయిన నా భార్య ఫోన్ ఎత్తింది. నేను చేసినప్పుడు బతికున్న మీలో ఒక్కరైనా ఎత్తండి.